కృతెక్ లాగు వెనక అసలు నార పని ఎంతుంది? (1957 చెక్ కార్టూన్, వరుస వారీగా)

పడుగుపేక

ఈ చర్చ ఒక్క సినిమా గురించే. చెక్ చిత్రకారుడు జ్డెనెక్ మిలెర్ 1957లో తీసిన తొలి కృతెక్ చిత్రం, కృతెక్ అనే ఆ చిన్న మోల్‌కి (నేలలో సొరంగాలు తవ్వి బతికే జంతువు) లాగు ఎలా వచ్చిందో చెప్పేది. నిడివి సుమారు 13 నిమిషాలు. ఆ ఏడాది వెనిస్ చిత్రోత్సవంలో బహుమతి కూడా పొందింది.

కథ తెలియనివారి కోసం క్లుప్తంగా. మట్టి తవ్వుతుంటే దొరికిన వస్తువులు దాచుకోవడానికి మోల్‌కి చోటు లేదు. పెద్ద జేబులున్న లాగు కావాలనుకుంటుంది. కత్తిరించడానికి క్రేఫిష్ (రొయ్యలాంటి, కత్తెర కాళ్ల నీటి జీవి), కుట్టడానికి రెల్లుపిట్ట సిద్ధమే, కానీ బట్ట ఏది? అవిసె మొక్క దగ్గర మొదలుపెట్టాలి. కలుపు తియ్యాలి, నీళ్లు పొయ్యాలి. తరవాత నీళ్లలో నానబెట్టడం, కాడ విరగ్గొట్టడం, దువ్వడం, వడకడం, నెయ్యడం. అద్దకానికి బ్లూబెర్రీలు. ప్రతి పనికీ ఒక జీవి.

దీన్ని అందరూ 'హాయిగా ఉంటుంది' అంటారు. ఎందుకు హాయిగా ఉంటుందో నా అభిప్రాయం చెప్తాను: ఇందులో మంత్రం లేదు. లాగు ఆకాశంలోంచి ఊడిపడదు. మధ్యలో ఏ మెట్టూ మాయమవదు (ఒకటి రెండు తప్ప, అవేంటో కింద తేల్చుకుందాం). పిల్లలకు ఆ వరుస మాటల్లో చెప్పడం రాకపోయినా, నమ్మదగ్గదని తెలుస్తుంది.

వ్యవసాయం, నార, మగ్గం, అద్దకం తెలిసినవాళ్లు ఎవరి మెట్టు వాళ్లు పరిశీలించండి. ఎక్కడ నిజం, ఎక్కడ స్వేచ్ఛ తీసుకున్నాడు, నిజంగా చేస్తే ఏం చెడుతుంది?

అవిసెపువ్వు

ముందు పేరు సంగతి. అవిసె అనగానే మనలో చాలామందికి తమలపాకు తోటల్లో తీగ పాకించే అవిసె చెట్టు గుర్తొస్తుంది, పూలు కూర వండుకునేది. అది కాదు. ఇది అవిసె గింజల మొక్క, నూనె గింజగా మనకు తెలిసినదే. దీని నారతో నేసినదే లినెన్.

అయితే మన దేశంలో ఎక్కువగా వేసేది గింజ రకం. పొట్టిగా, గుబురుగా కొమ్మలేస్తుంది. నార రకం సన్నగా 80 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా నిటారుగా పెరిగి, కొసన మాత్రమే చీలుతుంది. అలా పెరగాలంటే ఒత్తుగా చల్లాలి. చదరపు మీటరుకు 2,000 మొక్కల దాకా నిలవాలి. పలచగా పడితే మొక్క పక్కలకు కొమ్మలేస్తుంది, కొమ్మ వచ్చిన ప్రతిచోటా నార తెగుతుంది.

కలుపు తియ్యమని సినిమాలో మొక్కే చెబుతుంది చూడండి, అది పిల్లల కోసం పెట్టిన ముచ్చట మాత్రమే కాదు. అవిసె వేరు పైపైనే ఉంటుంది, ఆకు సన్నం, నేల మీద నీడ పడదు. మొదటి నెలలో కలుపు పైకొస్తే ఇక కోలుకోదు. మొక్క జానెడు ఎత్తు రాకముందే చేత్తో తియ్యాలి. యూరప్‌లో పాతకాలపు పద్ధతి ఏమిటంటే, చెప్పుల్లేకుండా గాలికి ఎదురుగా కదులుతూ కలుపు తీసేవారు. కాలికింద వాలిన మొక్కను ఎదురుగాలి మళ్లీ లేపుతుందని.

విత్తిన దగ్గర్నుంచి కోతకు ఇంచుమించు 100 రోజులు. నీలం పూలు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికే రేకులు రాలుస్తాయి. పూత అయ్యాక నెల రోజులకు కాడ కింది సగం పసుపు తిరుగుతుంది. అదే అదను. ముందే తీస్తే నార సన్నంగా మెరుస్తుంది కానీ బలం ఉండదు. గింజ పూర్తిగా పండేదాకా ఆగితే నార మొరటవుతుంది.

కోత అన్నాను గానీ కొడవలి పెట్టరు, వేరుతో సహా పీకుతారు. నార వేరు మొదలు దాకా ఉంటుంది కాబట్టి కోస్తే ఆ మేర పొడవు పోతుంది.

చిట్టిచేతులు

నమస్తే అండీ. నాలుగేళ్ల పిల్లలకు చూపించవచ్చా? మాటలు చెక్ భాషలోనే ఉంటాయా? మోల్‌ని తెలుగులో ఏమని చెప్పాలి? నిఘంటువుల్లో చుంచు అని కనిపిస్తోంది, అది సరైనదేనా?

బొమ్మలపెట్టె

@చిట్టిచేతులు గారూ, మూడు ప్రశ్నలకూ వరసగా.

నాలుగేళ్లకు చక్కగా సరిపోతుంది. భయపెట్టే ఘట్టం ఒక్కటీ లేదు.

ఈ తొలి చిత్రంలో మాత్రం మాటలున్నాయి, చెక్‌లో. అర్థం కాకపోయినా బొమ్మను బట్టి కథ నడుస్తుంది. మొదటిసారి మీరు పక్కన కూర్చుని పనుల పేర్లు మాత్రం చెప్పండి: 'ఇప్పుడు నానేస్తోంది, ఇప్పుడు దువ్వుతోంది'. అంతకన్నా వద్దు. తరవాతి చిత్రాల్లో మిలెర్ మాటలే తీసేశాడు, ఏ దేశంలోనైనా పిల్లలకు అర్థం కావాలని. నవ్వు, ఆశ్చర్యం, చిన్న చిన్న కేకలు, అంతే. ఆ గొంతుల కోసం సొంత కూతుళ్లనే వాడుకున్నాడు. అనువాదం అక్కర్లేని కార్టూన్ అయింది అలాగే.

చుంచు సరిపోదు. చుంచెలుక ఇంట్లో గోడవార పరుగెత్తేది, సొరంగాలు తవ్వి బతికేది కాదు. మోల్ మన ప్రాంతపు జంతువు కానే కాదు. దాని ముందు చేతులు పారల్లా బయటికి తిరిగి ఉంటాయి, బొటనవేలి పక్కన ఎముకతో ఆరో వేలు లాంటిది అదనంగా ఉంటుంది, మట్టి నెట్టడానికి. బొచ్చు ఎటు నిమిరితే అటు పడుకుంటుంది, అందుకే సొరంగంలో వెనక్కి కూడా సాఫీగా నడుస్తుంది. మోల్ అనే చెప్పేయండి, లేదా పేరు పెట్టి కృతెక్ అనండి.

ఆ పేరు తెలుగులో రాయడంలో ఒక అందం ఉంది. చెక్‌లో మొదటి అక్షరంలో వేరే అచ్చు లేదు, ర కారమే అచ్చులా పలుకుతుంది. చాలా లిపుల్లో దానికి గుర్తు లేదు. మనకు ఋ ఉంది. కృతి, కృషి రాసినట్టే కృతెక్.

ఇంకో సంగతి. ఈ బొమ్మ పుట్టిందే అవిసె వల్ల. నార నుంచి బట్ట ఎలా వస్తుందో పిల్లలకు చెప్పే సినిమా చెయ్యమని మిలెర్‌కి పని అప్పగించారు. దానికో జంతు నాయకుడు కావాలి. అప్పటికే డిస్నీ వాడని జంతువు కోసం వెతుకుతుంటే, నడకలో మోల్ తవ్విపోసిన మట్టి కుప్పకు కాలు తగిలి తూలాడు. అంటే ముందు నార పని వచ్చింది, ఆ తరవాత మోల్. పడుగుపేక గారు పైన అన్న నమ్మకానికి మూలం అక్కడే ఉంది.

గోగునార

నాన్చుడు దగ్గరికి వద్దాం. మొత్తం పనిలో ఇదే ప్రాణం. సినిమాలో ఇక్కడ కప్ప ఉంది, నీళ్ల సంగతి దానికే తెలుసు కాబట్టి.

ఉత్తరాంధ్రలో గోగు, జనుము ఊరేసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కాడలో నార బెరడు కిందుంటుంది, దాన్ని లోపలి పుల్లకు అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. నీళ్లలోని సూక్ష్మజీవులు ఆ జిగురును తినేస్తాయి. అవి తినే క్రమం ముఖ్యం. ముందు నారకూ పుల్లకూ మధ్య ఉన్న జిగురు పోతుంది. అక్కడ ఆపాలి. ఆపకపోతే నార పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే జిగురు కూడా తినేస్తాయి. అప్పుడు పొడుగు నార పొట్టి ముక్కలై చేతిలో రాలిపోతుంది.

అవిసెకు నిలవ నీళ్లలో ఒకటి నుంచి రెండు వారాలు. నీళ్లు వెచ్చగా ఉంటే తొందరగా, చల్లగా ఉంటే ఆలస్యంగా. పొలంలోనే మంచుకు పరిచి ఊరబెట్టే పద్ధతీ ఉంది, దానికి 3 నుంచి 6 వారాలు, మధ్యలో కాడలు తిరగెయ్యాలి. తిరగెయ్యకపోతే పైది పచ్చిగా, కిందిది కుళ్లిపోయి వస్తుంది.

రోజులు లెక్కపెట్టుకుంటే సరిపోదు, కాడ తీసి చూడాలి. మధ్యలో విరిచి లాగితే పుల్ల ఒకవైపు, నార ఒకవైపు మొదటినుంచి కొసదాకా విడిపోవాలి. అంటుకుని వస్తే ఇంకా కాలేదు. నార తెగితే ఆలస్యమైపోయింది.

సినిమా చూపించని కష్టం ఒకటుంది: కంపు. ఊరేసిన నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు చస్తాయి. యూరప్‌లో చాలాచోట్ల పారే వాగుల్లో ఊరెయ్యడాన్ని అందుకే నిషేధించారు. కప్పకు అంత సంతోషం ఉండకపోవచ్చు. ఇది తప్పు పట్టడం కాదు, 13 నిమిషాల్లో పిల్లలకు చెప్పాల్సింది నానడం గురించే.

కండెచుట్టు

అందరికి దండం. ఒక్క ముచ్చట అడుగుత. సినిమాల కాడలు ఇరగ్గొట్టే పనికి కొంగనే ఎందుకు పెట్టిండు? ముక్కుతోటి కాడలు కొడితే నార తెగదా?

రాట్నంపాట

@కండెచుట్టు అన్నా, మంచి ప్రశ్న అడిగారు. కొంగను పెట్టడం నాకైతే ఈ సినిమాలో అన్నిటికన్నా తెలివైన ఎంపిక.

ఎండిన కాడల్ని విరిచే చెక్క పరికరం యూరప్ పల్లెల్లో ఎలా ఉంటుందంటే, కింద రెండు మూడు నిలువు పలకలు, పైన వాటి సందుల్లోకి దిగే పలకలు, వెనక ఒక మేకుతో బిగింపు. తెరిచి మూస్తే అచ్చం పొడుగు ముక్కే. కాడ కట్టను అడ్డంగా పెట్టి పైపలక దించుతూ కట్టను జరుపుతారు. లోపలి పుల్ల పెళుసు కాబట్టి ముక్కలవుతుంది, నార సాగే గుణం లేకపోయినా వంగుతుంది కాబట్టి నిలుస్తుంది. మీరన్నట్టు తెగే ప్రమాదం రెండు సందర్భాల్లో ఉంది. కాడ తేమగా ఉంటే పుల్ల విరగదు, గట్టిగా కొట్టాల్సొచ్చి నార నలుగుతుంది. ఎక్కువ ఊరిన కాడైతే నారే ముందు తెగుతుంది. పిడికిట్లో ఇమిడేంత కట్టలే పెట్టాలి.

పడుగుపేక గారు అడిగిన మాయమైన మెట్లు నాకు రెండు కనిపిస్తాయి. ఒకటి, కాయలు దువ్వి గింజ రాల్చడం, నానబెట్టక ముందే జరగాలి. రెండోది, విరిచాక దులపడం. చెక్క కత్తితో నిలువు పలక మీద నారను పైనుంచి కిందికి చరుస్తారు, అంటుకున్న పుల్ల ముక్కలు రాలిపోవడానికి. ఇది చెయ్యకుండా దువ్వెనకు తీసుకెళితే ముక్కలన్నీ పళ్లలో ఇరుక్కుంటాయి.

ఇక ముళ్లపంది దువ్వడం. నార దువ్వే పరికరం చూసినవాళ్లెవరికైనా అది ముళ్లపంది వీపులాగే కనిపిస్తుంది, చెక్క మీద వరసగా ఇనుప ముళ్లు. ముందు దూరం ముళ్లది, తరవాత దగ్గర ముళ్లది. చిక్కు జుట్టు దువ్వినట్టే కొసనుంచి మొదలుపెట్టి మొదలుకు రావాలి. మధ్యనుంచి లాగితే పొడుగు నార తెగి పీచు కింద పోతుంది. ఎండు కాడలు 100 కిలోలు ఉంటే, పొడుగు నార 15 నుంచి 20 కిలోలు మిగిలితే మంచి పనివాడి కింద లెక్క.

జంతువు శరీరాన్నే పనిముట్టు చెయ్యడం మనవాళ్లకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని దువ్వేది వాలుగ చేప దవడతోనే. దానికుండే సన్నని పళ్ల వరస పత్తిలోని చెత్త తీసి, పోగుల్ని ఒకే దిశలో పడుకోబెడుతుంది. ఒక తేడా ఉంది. అక్కడ గింజ ఉండగానే దువ్వుతారు, గింజ తీయడం ఆ తరవాత. అవిసెకు గింజ ఎప్పుడో పోయుంటుంది. దువ్విన పత్తిని ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాచుకుని వడకడం చూసినవాళ్లకు మిలెర్ సినిమాలో ఆ ఓపిక ఎక్కడిదో చెప్పక్కర్లేదు.

సాలీళ్లు వడకడం దగ్గర స్వేచ్ఛ తీసుకున్నాడు. సాలీడు తన ఒంట్లోంచి పట్టు తీస్తుంది, బయటి నారను పురి పెట్టదు. కానీ ఒక పోలిక నిలుస్తుంది. అవిసె నారను తడి వేళ్లతో వడకాలి. పొడిగా వడికితే నూగు లేచి దారం గరుకవుతుంది. తడి తగిలితే మిగిలిన జిగురు మెత్తబడి నూగు పడుకుంటుంది.

కండెచుట్టు

సమజైంది. నేతది నేను జెప్త.

లినెన్ దారానికి సాగుడు లేదు. నూలు కొంచెం సాగి ఊరుకుంటది, ఇది పుట్కున తెగుతది. అందుకే పడుగుకు (మగ్గం మీది నిలువు పోగులకు) గంజి మంచిగ పట్టాలె, మగ్గం కాడ గాలి పొడిగ ఉండొద్దు. ఎండకాలంల పొద్దెక్కినంక నేస్తే పోగులు అతుకుడే పని. గుంత మగ్గం ఇసొంటి దానికి మంచిది, నేల సల్లదనం పడుగుకు తగులుతది.

చీమలు నేసుడు నాకు మస్తు నచ్చింది. పడుగు పోగులు వేల మీద ఉంటయి, ఒక్కొక్కటి అచ్చుల నుంచి, పన్నె నుంచి ఎక్కియ్యాలె. ఒక్కరితోటి అయ్యేటిది కాదు, ఇంటిల్లిపాది కూసోవాలె. గుంపుగ పనిజేసే జీవిని పెట్టుడే కరెక్టు. మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు మన దిక్కున్నయి గద, అవి వాళ్ల చలి దేశంల ఉండయి. ఉంటే కుట్టుడు పని గూడ వాటికే ఇచ్చేటోడేమో.

నీలిమందు

అద్దకం నా వంతు. ఇక్కడే సినిమా నిజానికి అన్నిటికన్నా దూరం వెళ్లింది.

బ్లూబెర్రీ రంగు ఆంథోసయనిన్. మన నేరేడు పండులో, శంఖపుష్పంలో ఉన్నది ఇదే జాతి రంగు. పులుపు తగిలితే గులాబీ, క్షారం తగిలితే పచ్చ వైపు తిరుగుతుంది. లినెన్ మీద నిలవదు. బట్ట బయటికి తీసినప్పుడు ఊదా నీలంగా ముచ్చటగా ఉంటుంది, రెండు ఉతుకులకు బూడిద రంగు, ఎండలో పెడితే ఇంకా తొందరగా. మోల్ ఎప్పుడూ మట్టిలో ఉంటుంది, ఉతక్క తప్పదు.

ఆ దేశంలో నిజమైన నీలం లాగు నీలిమందుతోనే వచ్చేది. చెక్, స్లొవాక్ పల్లెల్లో జిగురు అచ్చు వేసి నీలి తొట్టెలో ముంచే అద్దకానికి 2018లో యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. కానీ నీలి తొట్టె పులియబెట్టడం, పచ్చగా తీసిన బట్ట గాలి తగిలి నీలంగా మారడం, ఇదంతా పెడితే అది ఇంకో సినిమా. అడవిలో చేతికందే నీలం బ్లూబెర్రీ. అందుకే అది సరైన ఎంపికే అంటాను.

పిల్లలతో చేసి చూపించాలంటే ఇలా. అరలీటరు వేడినీళ్లలో 30, 40 తాజా శంఖపుష్పాలు వేసి పావుగంట ఉంచి వడకట్టండి. మూడు గిన్నెల్లో పొయ్యండి. ఒకదాంట్లో ఏమీ వద్దు, రెండోదాంట్లో చెంచాడు నిమ్మరసం, మూడోదాంట్లో చిటికెడు వంట సోడా. అరచెయ్యంత తెల్ల నూలు గుడ్డలు, గంజి పూర్తిగా ఉతికినవి, ఒక్కోదాంట్లో గంటసేపు. ఆరాక సగం కత్తిరించి దాచి, మిగతా సగం సబ్బుతో ఉతికి పక్కన పెట్టి పోల్చండి.

రంగు నిలపాలని పటిక ఒక్కటే వేస్తే లాభం తక్కువ. నూలుకైనా లినెన్‌కైనా పటిక నేరుగా గట్టిగా పట్టదు, ముందు వగరు ఎక్కాలి. మన కలంకారీలో బట్టను ముందు కరక్కాయ, పాలలో తడిపి ఆ తరవాతే పటిక వాడేది అందుకే. ఇక్కడ చిక్కేమిటంటే కరక్కాయ బట్టను లేత పసుపు చేస్తుంది, దాని మీద నీలం పచ్చగా కనిపిస్తుంది.

ఏడుచేపలు

సాంకేతికం బాగా నడుస్తోంది. కథ అల్లిక గురించి ఒక మాట.

కొంతమంది ఈ సినిమాను 'ఏమీ జరగదు' అంటారు. విలన్ లేడు, పందెం లేదు, చివరి నిమిషం గండం లేదు. నిజమే. దీని బలం గొలుసులో ఉంది, గొలుసు కథ మనకంటే బాగా ఎవరికి తెలుసు? చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది. గడ్డిమోపూ గడ్డిమోపూ అంటే ఆవు మెయ్యలేదు. అలా పాలేరు, అవ్వ, పాప, చివరికి చీమ. మెట్టు మెట్టుకీ వెనక్కి వెళ్తూ కారణం వెతుకుతుంది మన కథ. కృతెక్ కథ కూడా మొదట వెనక్కే వెళ్తుంది: లాగు కావాలంటే కుట్టాలి, కుట్టాలంటే బట్ట, బట్టకు నార, నారకు మొక్క. అక్కడ వేరును తాకి మళ్లీ ముందుకు తిరుగుతుంది. మన కథలో ప్రతివాళ్లూ 'నా తప్పు కాదు' అంటారు. ఇందులో ప్రతివాళ్లూ 'ఇది నాకు వచ్చు' అంటారు. అడిగే ప్రశ్న ఒకే లయలో తిరుగుతుంది కాబట్టి మూడో జంతువు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ముందే నోరు తెరుస్తారు. తరవాత ఏం జరుగుతుందో తెలిసి ఉండటమే వాళ్లకు ఊరట. వందోసారి చూసినా అరగనిది అందుకే.

రెండు కథల్లోనూ చీమ ఉండటం నాకు చాలా ఇష్టం.

బొమ్మలపెట్టె

ఏడుచేపలు గారూ, గొలుసు మాట నిజం. దానికి బొమ్మ ఎలా తోడైందో చెప్తాను.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడితే సెకనుకు 12 బొమ్మలు, 13 నిమిషాలకు 9,360. కాబట్టి చేతి బొమ్మల సినిమాలో ఆగి నిలబడటం ఖర్చు తగ్గించేది కూడా. కానీ మిలెర్ ఆగిన చోట్లు గమనించండి. మోల్ ఒక పని అయ్యాక ఊరికే చూస్తుంది, అప్పుడు రెప్ప వాల్చడం ఒక్కటే కదలిక. చూసే పిల్లలకు ఆ పని అర్థం చేసుకోవడానికి దొరికే సమయం అదే. ఇప్పటి చాలా కార్టూన్లు ఆ సందు లేకుండా కత్తిరిస్తాయి.

మోల్ బొమ్మ కూడా తేలికైనదే: నల్లటి గుండ్రని ఒళ్లు, ఎర్ర ముక్కు, తల మీద మూడు వెంట్రుకలు. వెనక అడవి మాత్రం నీటిరంగుల్లో ఆకు ఆకూ వేసి ఉంటుంది. మామూలు మనిషి గియ్యగల బొమ్మ, చేతికి అందని అడవి, ఈ రెండింటి కలయిక వల్లే పిల్లలు తిరిగి గీస్తారు.

మిలెర్ జ్లిన్ అనే చెక్ ఊళ్లో పని నేర్చుకుని, ప్రాగ్‌లో 'బ్రాత్రి వ్ త్రికు' స్టూడియోలో చేరాడు. చారల చొక్కాలు వేసుకున్న ముగ్గురు కుర్రాళ్ల స్టూడియో గుర్తు గీసింది ఆయనే. 1921లో పుట్టి 2011లో పోయాడు. అదే 2011 మే నెలలో ఎండీవర్ వ్యోమనౌక చివరి ప్రయాణంలో అమెరికా వ్యోమగామి ఆండ్రూ ఫ్యూస్టెల్ కృతెక్ బొమ్మను అంతరిక్షానికి తీసుకెళ్లాడు.

చిట్టిచేతులు

తరవాతి చిత్రాలన్నీ ఇలాగే పనులు చూపిస్తాయా? ఏవి ముందు చూపించాలి?

పడుగుపేక

అన్నీ కాదండీ. 1963లో కారు, 1965లో రాకెట్, 1968లో ట్రాన్సిస్టర్ రేడియో, 1969లో చూయింగ్ గమ్ వచ్చాయి. గమ్ చిత్రంలో మనుషులు పారేసిన చెత్త అడవి జీవిని ఎలా పట్టుకుంటుందో చూపిస్తాడు, నవ్విస్తూనే. ఇవి నాలుగేళ్లకు సరిపోతాయి.

1982 నాటి నగరం చిత్రాన్ని మాత్రం ఆపుకోండి. అడవి నరికేస్తారు, దాని చోట ఊరు లేస్తుంది, మోల్, కుందేలు, ముళ్లపంది ఆ ఊళ్లో మిగులుతాయి. నిడివి కూడా మిగతా వాటికన్నా చాలా ఎక్కువ. ఏడెనిమిదేళ్లు వచ్చాక పక్కన కూర్చుని చూపించాల్సింది. అదే బొమ్మ, అదే నవ్వు, కానీ చెట్టు పడే దృశ్యం పెద్దవాళ్లకు కూడా చాలాసేపు వదలదు.

గోగునార

అవిసె కాడ దొరకదు కాబట్టి గోగు కాడతో పిల్లలకు నార తీసి చూపించే పద్ధతి రాస్తున్నాను. పెరట్లో గోంగూర ముదిరి నాలుగడుగులు లేచి పూత మొదలైన కాడలు కావాలి. కాయ ఎండేదాకా ఆగొద్దు, నార పలుపులా మొరటవుతుంది.

పది పదిహేను కాడలు కోసి రెండు మూడు రోజులు నీడన పడెయ్యండి, ఆకు దానంతటదే రాలుతుంది. బకెట్‌లో నిలువు కాడలు పట్టవు, కాబట్టి పచ్చిగా ఉండగానే బెరడును మొదలునుంచి కొసదాకా పట్టీలుగా లాగెయ్యండి. అరకిలో పట్టీలకు 10 లీటర్ల నీళ్లు. వీలైతే చెరువు నీళ్లు ఒక చెంబు కలపండి, సూక్ష్మజీవులు తొందరగా అందుకుంటాయి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే ఒకరోజు తెరిచి ఉంచి వాడండి.

పైకి తేలకుండా బరువు పెట్టాలి, శుభ్రమైన రాయి మంచిది. ఇనుప వస్తువు పెట్టొద్దు. బెరడులోని వగరు ఇనుముతో కలిసి నార నల్లబడుతుంది. మట్టి గడ్డ, అరటి బోదె కూడా వద్దు, అదే కారణం. బకెట్‌కి దోమతెర గుడ్డ బిగించి కట్టండి, లేకపోతే వారంలో దోమ పిల్లలు.

ఎండ తగలని వెచ్చని చోట 7 నుంచి 10 రోజులు. ఆరో రోజునుంచి రోజూ ఒక పట్టీ తీసి బొటనవేలితో తొయ్యండి. జిగట తొక్క జారి, తెల్లటి పోగులు వల లాగా విడిపోతే అయినట్టు. తీసి ధారగా పారే నీళ్ల కింద కడిగి, చెక్క మీద మెత్తగా తట్టి, దండెం మీద నీడన ఆరెయ్యండి. చేతికి పుండ్లు, గీతలు ఉన్న పిల్లల్ని ఆ నీళ్లలో చెయ్యి పెట్టనివ్వొద్దు. ఆ నీళ్లు చెట్ల మొదట్లో పొయ్యండి, చేపలున్న తొట్టిలోకో చెరువులోకో కాదు.

కండెచుట్టు

ఒక లెక్క మిగిలింది. గా మోల్ లాగుకు ఎంత మడి కావాలె?

అవిసెపువ్వు

వేసి చూద్దాం. మోల్ ఒళ్లు 12 నుంచి 15 సెంటీమీటర్లు. పెద్ద జేబులతో సహా లాగుకు 15 గ్రాముల బట్ట అనుకోండి. మంచి పంటలో చదరపు మీటరుకు ఎండు కాడ అరకిలో వస్తుంది. అందులో పొడుగు నార 15 శాతమంటే 75 గ్రాములు. అంటే చదరపు మీటరులో ఐదో వంతు సరిపోవాలి. వడకడంలో, నేతలో, కత్తిరింపులో పోయేది కలిపితే రెండడుగుల చదరం మడి వేసుకోవాలి. ఒక మోల్ కలుపు తీసి నీళ్లు పొయ్యగలిగినంతే.

రాట్నంపాట

జేబుల మాట వచ్చింది కాబట్టి ఇదొక్కటి. మోల్‌కి కావలసింది లాగు కన్నా ముందు జేబులు, అందులో వేసుకునేవి మట్టిలో దొరికిన బరువైన, మొనదేలిన వస్తువులు. దానికి లినెన్ సరిగ్గా సరిపోతుంది. ఉన్ని తడిస్తే బలం తగ్గుతుంది, లినెన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, తేమ మట్టిలో తిరిగేదానికి అదే కావాలి. బలహీనత మడతలో ఉంది. ఒకే గీత మీద మళ్లీ మళ్లీ మడిస్తే లినెన్ అక్కడే చిరుగుతుంది. కాబట్టి జేబు నోటిని పదునుగా మడిచి కుట్టకుండా రెండు పొరల పట్టీ వేసి, పై మూలలు రెండింటి దగ్గర నాలుగైదు కుట్లు ఒకదాని మీద ఒకటి బిగించాలి. రెల్లుపిట్ట గూడు కట్టేది మూడు నాలుగు రెల్లు కాడల్ని చుట్టి, గాలికి అవి ఊగినా గూడు జారకుండా. మూల బిగించడం దానికి ఒకరు నేర్పక్కర్లేదు.